ఆరబోతల మధ్య పరుగు బాట

ఆ బడికి మైదానం ఉందని చెప్పడం సగం నిజం. మొక్కజొన్న కోతలు మొదలైన నాటి నుంచి చివరి బస్తా మూతి కుట్టేదాకా అది బడిది కాదు, రైతులది. బడి కట్టిన కాలంలో ఆ నేలంతా రాళ్లూ గుట్టలూ. రైతులే ఎడ్లను తోలుకొచ్చి, రాళ్లు ఏరి, మట్టి తోలి, పలకలా చదును చేసి ఇచ్చారు. బదులుగా కోతల కాలంలో అక్కడ గింజలు ఆరబోసుకుంటామన్నారు. బడి తరఫున ఎవరు సరేనన్నారో ఎవరికీ గుర్తులేదు. కాగితం మీద ఎవరూ రాసుకోలేదు. అయినా ఏ కుటుంబం ఏ మూల పోసుకోవాలో, ఎవరి హద్దు ఏ రాయి దగ్గర ఆగుతుందో ఊళ్లో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ తెలుసు. మైదానం ఎవరి కోసమని చదునయిందో ఆ పిల్లలను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

డ్రిల్లు మాస్టారికి ఈ సంగతి ఉద్యోగంలో చేరిన ఏడే తెలిసింది. మెడలో కొత్త విజిల్ వేసుకుని, సున్నం డబ్బా పట్టుకుని, పరుగు గీతలు గీద్దామని పొద్దున్నే వెళితే, కనుచూపు మేర పసుపుపచ్చ గింజలు పరుచుకుని ఉన్నాయి. లాంగ్‌జంప్ గుంతలో ఎవరి పసిబిడ్డో ఇసుకతో ఆడుకుంటోంది. "ఎవరండీ ఇదంతా పోసింది?" అని ఆయన కేకేస్తే, గింజలు తిరగేస్తున్న ఒక ముసలాయన తలెత్తి, "నువ్వెవరు బాబూ?" అని ఎదురడిగాడు. చిన్న ప్రశ్నే. దానికి మాస్టారు ఆనాడు తడుముకున్నాడు. జుట్టు నెరిసింది, విజిళ్లు మారాయి, ఆ తడుములాట మాత్రం పోలేదు.

ఆయన తండ్రికి సైకిళ్లు బాగుచేసే కొట్టు ఉండేది. బాగుచేసిన సైకిల్‌ను తొక్కుకుంటూ వెళ్లి యజమాని ఇంట్లో అప్పగించి, కొట్టుకు పరిగెత్తుకుంటూ రావడం కొడుకు పని. అలా పరుగు ఆయనకు చిన్నతనంలో ఆట కాదు, తిరుగు ప్రయాణం. పెద్దయ్యాక అదే బతుకుతెరువు అయింది. కానీ బడిలో ఆటల పీరియడ్ అనేది టైమ్‌టేబుల్‌లో కనిపించినంతగా నేల మీద కనిపించేది కాదు. లెక్కల పాఠం మిగిలిపోతే దానికి, సైన్సు ప్రయోగం ఆలస్యమైతే దానికి, ఎవరైనా సెలవు పెడితే ఆ లోటుకు ఆటల పీరియడే పోయేది. హెడ్మాస్టారు పదో తరగతికి లెక్కలు చెబుతారు. ఆయన అడగడం కూడా మానేసి నేరుగా సుద్దముక్క పట్టుకుని వచ్చేసేవారు. మాస్టారు "పోనీలెండి" అని తప్పుకునేవాడు.

"మీ పీరియడ్ వీధిలో వాళ్లంతా వాడుకునే నిచ్చెన లాంటిదండీ," అనేది భార్య, కుట్టుమిషన్ మీద నుంచి తల తిప్పకుండా. "ఎవరికి కావాలన్నా భుజాన వేసుకుపోతారు. తెచ్చి మళ్లీ మన గోడకు ఆనించేవాళ్లే లేరు."

"పోనీలెద్దూ. పిల్లలకు లెక్కలొస్తాయిగా."

"ఆ పోనీలెద్దూని ఒక బనీను మీద కుట్టిస్తాను, వేసుకు తిరగండి. నోరు నొప్పి తగ్గుతుంది."

ఓర్పును మంచితనమని మెచ్చుకునేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ ఓర్పు వల్ల ఎవరికి పని జరుగుతోందో, ఎవరి కాళ్లు కదలకుండా బల్లల కింద ముడుచుకుని ఉంటున్నాయో వాళ్లలో ఒక్కరూ ఆలోచించలేదు. మాస్టారు కూడా ఆలోచించలేదు, కిందటేటి ఆటల పోటీల దాకా.

ఆ పోటీలు ఏటా కోతల చివర్లోనే వస్తాయి. చుట్టుపక్కల బళ్లన్నీ కలిసే పెద్ద మైదానంలో ఈ బడి పిల్లలు వరసగా అన్ని పరుగుల్లోనూ వెనకబడ్డారు. కొత్త కాదు. అయితే గీత దగ్గర నిలబడిన న్యాయనిర్ణేత ఒకాయన నవ్వుతూ, "ఏం మాస్టారూ, మీ పిల్లలు పరిగెత్తుతున్నారా, నేల ఊడుస్తున్నారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. మర్యాద కోసం మాస్టారూ నవ్వాడు. తిరుగు బస్సులో పిల్లలంతా ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతుంటే, ఆయన కిటికీ ఊచ పట్టుకుని కూర్చున్నాడు. ఊడ్చడమేమిటి?

బూట్లు లేకనేమో అనుకున్నాడు. తిండి చాలకనేమో, జనాన్ని చూసి బెదిరిపోతున్నారేమో అనుకున్నాడు. ఏడాదంతా అనుకుంటూనే ఉన్నాడు. ఈలోగా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఆయన కళ్లబడింది. సన్నటి కాళ్లు, కుదురుగా నిలవని ఒళ్లు. బడంతా పిచ్చుక అని పిలిచేది. వానాకాలంలో ఆ పిల్ల నాలుగొందల మీటర్లు పరిగెడితే నేల తాకుతోందా లేదా అన్నట్టుండేది. విజిల్ ఊది గడియారం చూసుకున్న మాస్టారు, నమ్మకం కుదరక ప్రతిసారీ ఇంకోసారి చూసుకునేవాడు. ఈసారి ఒక్కరైనా ఉన్నారు, అనుకున్నాడు.

కోతలు వచ్చాయి. మైదానం పోయింది. ఒకనాటి సాయంత్రం ఆయన ఇంటికి పోతూ గేటు దగ్గర సైకిల్ ఆపి చూస్తే, పిచ్చుక తన తండ్రి ఆరబోసిన గింజలను తిరగేస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని, రెండు పాదాలనూ నేల నుంచి లేపకుండా ముందుకు తోస్తూ, నాగలి చాళ్ల వంటి చాళ్లు తీస్తూ పోతోంది. కింది తేమ గింజలు పైకీ, పైవి కిందకీ రావాలంటే అదే పద్ధతి. ఊళ్లో ఎవరైనా అంతే.

"కాలెత్తకే! గింజ నలుగుతుంది," అని తండ్రి అరిచాడు.

"ఎత్తట్లేదు నాన్నా!"

పని ముగిసింది. పిల్ల కుళాయి దగ్గరకు నీళ్లు తాగడానికి వెళ్లింది. అక్కడ గింజల్లేవు, ఉత్త నేల. అయినా పాదాలు లేవలేదు. అలాగే ఈడ్చుకుంటూ వెళ్లింది, అలాగే ఈడ్చుకుంటూ వచ్చింది. మాస్టారు గబుక్కున చుట్టూ చూశాడు. పని ముగించుకుని ఇళ్లకు పోతున్న ఆడవాళ్లు, మగవాళ్లు, చంకన సంచులతో పిల్లలు. అందరి చెప్పులూ నేలను గీరుతున్నాయి. సాయంత్రాల్లో వీధి పొడవునా వినిపించే ఆ గీరుడు చప్పుడు ఆయనకు ఇన్నేళ్లుగా అలవాటే. ఆ ఊరి నడకే అంత అని సరిపెట్టుకున్నాడు. నడక వచ్చీ రాకముందే బిడ్డను గింజల్లో దింపి, కాలెత్తితే కసిరి, ఏటా కోతల కాలమంతా పాదాన్ని నేలకు అంటించి, సరిగ్గా అప్పుడే పరుగు పందేలకు పంపుతున్నారు. అందులో ఎవరికీ విడ్డూరం తోచలేదు.

ఇంటికొచ్చి భార్యకు ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు.

"ఇన్నేళ్లూ చూడలేదా?" అంది ఆవిడ.

"చూశాను. ఇవాళ కనబడింది. నేను కూడా అలాగే నడుస్తున్నానా?"

"మీ చెప్పులు మడమల దగ్గర ఎందుకు అరిగిపోతున్నాయనుకున్నారు మరి?"

గింజలు తిరగేయడం మాన్పించడం కుదరదని ఆయనకు తెలుసు. పిచ్చుక తండ్రి కౌలు రైతు. తల్లి గింజలు వలిచే మిషన్ దగ్గర పనికి పోతుంది. తిరగేసే కాళ్లు ఆ ఇంట్లో పిల్లవే. అయితే తిరగేయడం అయ్యాక రోజూ కాసేపు బారుగా పరిగెడితే, కాలు మళ్లీ నేలను వదలడం నేర్చుకుంటుంది. దానికి మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క బాట కావాలి. రోడ్డు మీద కుదరదు. సగం రోడ్డు ట్రాక్టర్లకు, సగం గింజలకు పోయింది. అడగాలి. ఊరివాళ్లను ఆయన ఏదైనా అడగడం అదే మొదటిసారి.

సాయంత్రం బస్తాలు తూచే కాటా దగ్గర రైతులు బస్తాల మీద కూర్చుని ఉన్నప్పుడు వెళ్లి నిలబడ్డాడు. వాళ్లలో మాట చెల్లేది ఇద్దరిదే. ఒకరు ట్రాక్టరాయన, ఊళ్లో మొదట ట్రాక్టరు కొన్నది ఆయనే, ఆ గౌరవం ట్రాక్టరు తుప్పు పట్టాక కూడా మిగిలింది. రెండోవారు గానుగ అత్త. నూనె గానుగ నడిపిన మొగుడు పోయాక గానుగను అమ్మేసినా నోటిని మాత్రం తిప్పుతూనే ఉంది.

"ఎంత వెడల్పు కావాలి మాస్టారూ?" అన్నాడు ట్రాక్టరాయన.

"ఒక మనిషి చేతులాడిస్తూ పరిగెత్తేంత."

"చేతులు ఒంటికి అంటించి పరిగెత్తమనండి. సగం జాగా కలిసొస్తుంది," అంది గానుగ అత్త.

"ఏ పక్క కావాలి?"

"ఏ పక్కైనా సరే."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒకావిడ వెంటనే, "మా తోటికోడలు పోసుకునే వైపు బాగా చదునుగా ఉంటుంది," అంది. తోటికోడలు అక్కడే కూర్చుని ఉంది. "అవునక్కా, మీ వైపంతా లోయలూ కొండలూ మరి!" అంది. దక్షిణం వైపు జాగా ఉన్న ఒకాయన, ఉత్తరం వైపు గాలి బాగుంటుందన్నాడు. ఇంకొకాయన ఆడపిల్ల పరుగెందుకని మొదలుపెట్టబోతే, "నువ్వు నీ పెళ్లాం చీపురు తీసినప్పుడు పరిగెత్తట్లేదా? నీకెవరు నేర్పారు?" అని గానుగ అత్త కూర్చోబెట్టింది. బాట ఉండాలని అందరూ ఒప్పుకున్నారు. అది పక్కవాడి మీదుగా పోవాలని కూడా అందరూ ఒప్పుకున్నారు.

చివరికి ట్రాక్టరాయనే తేల్చాడు. తూర్పు గోడ వెంట పోసుకునేవాళ్లంతా తలా ఒక మూర లోపలికి జరగాలి. మూరే కదా. ఎవరికీ నొప్పి లేదు. జనం తమ ఉదారతకు తామే మురిసిపోతూ లేచారు. మాస్టారు ఆ రోజు ఇంటికి పోతూ, తనకు తెలియకుండానే, మోకాళ్లు ఎత్తి నడిచాడు.

మర్నాడు తాడు లాగి సున్నం పోశాడు. గీత గోడ వెంబడే తిన్నగా సాగింది. గేటు దగ్గరకు వచ్చేసరికి గోడ లోపలికి వంగింది, అక్కడ గోడకూ కుళాయికీ మధ్య ఇరుకుగా ఒక జాగా ఉంది. తక్కినవాళ్ల దగ్గర మూర తీసుకున్న గీత ఈ జాగాను దాదాపు మొత్తం మింగేసింది. అది పిచ్చుక నాన్నది.

ఆయన తన గింజల మధ్య నిలబడి, సున్నం డబ్బా దగ్గరకు రావడం చూస్తున్నాడు. వచ్చాక, "ఇక్కడ కాదు మాస్టారూ," అన్నాడు.

"మీ అమ్మాయి కోసమేనయ్యా."

"తెలుసు."

"మరి?"

"నేను జరగడానికి పక్కన జాగా ఎక్కడుంది? ఇదే చివర. వీళ్లందరికీ డాబాలున్నాయి. అక్కడ కాకపోతే పైన పోసుకుంటారు. నాకున్నది రేకుల కొంప. ఈ జాగా కూడా, అంతకుముందు పోసుకునే అతను ఊరొదిలి పోతే, నేను ఏటా పోస్తూ పోస్తూ నిలబెట్టుకున్నది. ఒక్క ఏడు ఖాళీగా కనబడిందా, వచ్చే ఏడు ఇంకొకరి కుప్ప ఉంటుంది. అప్పుడు నాదని ఎవరికి చెప్పుకోను?"

చుట్టూ జనం చేరారు. నిన్నటి ఉదారత ఇంకా చల్లారలేదు. "మేమంతా ఇచ్చాం కదా, సొంత కూతురికి నువ్వివ్వవా?" అన్నాడొకడు. "రాయిరా వీడు, రాయి!" అన్నాడు ఇంకొకడు. మూర ఇచ్చినవాళ్లు మొత్తం ఇవ్వని మనిషిని తిట్టడం మొదలుపెట్టారు. పిచ్చుక కుళాయి చాటున నిలబడి, "నాకు పరుగు వద్దు సార్," అంది. తండ్రి ఆ మాట విని తల దించుకుని మళ్లీ గింజలు తిరగేయసాగాడు.

మాస్టారికి మొదట కోపం వచ్చింది. డబ్బా కింద పడేసి గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి వెనక్కి చూశాడు. తెల్లటి గీత, ఎంత తిన్నగా ఉందో! తాడు అబద్ధమాడదు, అందరి మీదా ఒకేలా పడింది. కానీ ఒకరికి అది అంచు, మరొకరికి నడినెత్తి. సమానంగా కోసినంత మాత్రాన న్యాయం జరిగినట్టు కాదన్నది ఎవరైనా ఆయనకు పుస్తకంలో చూపిస్తే తల ఊపి ఊరుకునేవాడేమో. ఇక్కడ సున్నం అంటిన తన చేతుల మీదే చూశాడు. వెనక్కి వచ్చి, ఆ జాగాలోని గీతను తన చెప్పుతోనే చెరిపేశాడు.

"ఇంకో దారి చూస్తాను. నువ్వు తిరగేసుకో," అన్నాడు.

దారి మర్నాడు ప్రార్థన వేళ కనబడింది. పిల్లలంతా నేల మీద వరసల్లో నిలబడి ఉంటే, ఎదురుగా సిమెంటు వేదిక మీద హెడ్మాస్టారు ఒక్కరే నిలబడి నీతులు చెబుతున్నారు. ఆ వేదిక కోతల కాలంలోనూ ఎవరి వాటాకూ రాని నేల. తొమ్మిది దాటితే చాలు, చెప్పుల్లేకుండా కాలు మోపలేనంత కాలుతుంది. ఆ పైన సాయంత్రం దాకా ఉత్తపుణ్యానికి ఎండను తాగుతూ ఉంటుంది.

హెడ్మాస్టారు చెడ్డ మనిషి కాదు. పదో తరగతిలో ఒక్కరూ తప్పకూడదన్నది ఆయన పట్టుదల. ఆ పట్టుదలకు అడ్డొచ్చేది ఏదీ ఆయన కంటికి ఆనదు.

"వేదిక మీద మొక్కజొన్నలా? ఏమయ్యా, రేపు తనిఖీకి ఎవరైనా వస్తే గింజల్లో నిలబడి స్వాగతం చెప్పమంటావా?"

"కింద నిలబడండి సార్. మీ గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది."

"మరి అంత ఎత్తున ఎందుకు కట్టారు? పిల్లలకు కనబడాలనే కదా?"

"మీరు కనబడట్లేదని ఏ పిల్లాడూ ఇంతవరకు బాధపడలేదు సార్."

అది మెచ్చుకోలో కాదో హెడ్మాస్టారికి అంతుపట్టలేదు. "రాసివ్వు. పైకి పంపుతాను," అన్నారు. పై నుంచి జవాబు వచ్చేసరికి వచ్చే పంటకు విత్తనాలు చల్లుతారని ఇద్దరికీ తెలుసు.

మాస్టారి నోటి దాకా పాత మాట వచ్చింది. పోనీలెండి. పెదవుల దగ్గర ఆగింది. బయటికి మాత్రం వేరే మాట వచ్చింది.

"అయితే సార్, రేపటి నుంచి నా పీరియడ్లు నేనే తీసుకుంటాను."

"ఏ పీరియడ్లు?" అన్నారు హెడ్మాస్టారు. ఎగతాళి కాదు, నిజంగానే గుర్తురాలేదు.

"ఆటలవి."

"మైదానం నిండా గింజలుంటే ఎక్కడ ఆడిస్తావ్?"

"వరండాలో కూర్చోబెట్టి నియమాలు చెబుతాను. అదీ పాఠమే కదండీ."

అన్నట్టే చేశాడు. పదో తరగతిని వరండాలో కూర్చోబెట్టి, నేల మీద సుద్దతో గడులు గీసి, వాలీబాల్ చెప్పడం మొదలుపెట్టాడు. ఒకరి భుజాల మీదుగా ఒకరు వంగి మరీ విన్నారు. హెడ్మాస్టారు సుద్దముక్కతో వచ్చి, ఖాళీ బల్లలను చూసి, వెనక్కి వెళ్లారు. మళ్లీ వచ్చారు, మళ్లీ వెళ్లారు. లెక్కల పాఠం బోర్డు మీద సగంలో నిలిచిపోయింది. చివరికి ఆయనే మాస్టారిని పిలిచారు.

"పదో తరగతి పీరియడ్లు నాకు వదిలెయ్. వేదిక నీ ఇష్టం."

మాస్టారు కిటికీలోంచి ఖాళీ వేదికను చూశాడు. "పోటీల దాకానే సార్," అన్నాడు.

ఇది గెలుపని ఊళ్లో అనుకున్నారు. కానీ ఆ గదిలోకి న్యాయం అడగడానికి వెళ్లిన మనిషి ఒక అన్యాయాన్ని చేత పట్టుకుని బయటికొచ్చాడు. ఆ పీరియడ్లు ఆయనవి కావు. పదో తరగతి పిల్లలవి. తనవి కానివి ఇచ్చి తనకు కావలసింది తెచ్చుకున్నాడు. మైదానం విషయంలో ఊరి పెద్దలు చేసినదానికీ దీనికీ తేడా వెతకాలంటే చాలా ఓపిక కావాలి. ఆయన దాన్ని వెతకలేదు. పదో తరగతి కుర్రాడొకడు దారిలో ఆపి, "సార్, గీత మీద బంతి పడితే లోపలా బయటా? అక్కడ ఆపేశారు," అని అడిగితే, "చెబుతాను," అన్నాడు.

"ఎప్పుడు సార్?"

మాస్టారు సైకిల్ ఎక్కేశాడు.

కాటా దగ్గర మళ్లీ అందరూ కూర్చున్నారు. పిచ్చుక నాన్న ఒక షరతు పెట్టాడు. "వేదిక మీదకి పోతాను. కానీ గోడ దగ్గరి జాగా నాదేనని ఇందరి ముందూ ఒక్క మాట అనాలి."

ట్రాక్టరాయన ఆ మాట అన్నాడు. అంతా తలలూపారు. అది చాలదన్నట్టు పిచ్చుక నాన్న ఇంకా నిలబడే ఉంటే, గానుగ అత్త చెంగు దులిపి లేచింది. "నేను బతికున్నంతకాలం నేను సాక్షిని. నేను పోయాక నా కోడలు. దానికి నాకన్నా నోరెక్కువ, నీకింకేం భయం?"

అలా మొక్కజొన్న వేదిక ఎక్కింది, హెడ్మాస్టారు వేదిక దిగారు. మొదటి రోజు ప్రార్థనలో వెనక వరసల పిల్లలు ఆయన ఎక్కడున్నారో తెలియక మునివేళ్ల మీద లేచి చూశారు.

ఆ సాయంత్రం నుంచి బాట తెరుచుకుంది. గేటు నుంచి అవతలి గోడ దాకా, ఒక వైపు గోడ, మరో వైపు గింజల అంచులు, మధ్యలో ఒక మనిషి పట్టే నేల. పిచ్చుక వేదిక మీద గింజలు తిరగేసి దిగి వచ్చేది. మొదట పాదాలు మాట వినలేదు. మాస్టారు బాటకు అడ్డంగా ఎండిన మొక్కజొన్న దంట్లు పరిచి, వాటిని తాకకుండా దాటమన్నాడు. తాకినప్పుడల్లా అవి చిటపటమనేవి. "సార్, ఇవి తిడుతున్నాయి!" అనేది పిల్ల. చిటపటలు రోజురోజుకూ తగ్గి, ఒకనాడు పూర్తిగా ఆగాయి. ఆనాడు ఆయన దంట్లు తీసేసి విజిల్ ఊదాడు.

పిల్ల వెళ్లింది. వేదిక మీద నుంచి తండ్రి తలెత్తేసరికి ఆమె అవతలి గోడ దగ్గర ఉంది.

"ఏమే, ఎవరైనా తరిమారా?" అని అరిచాడు కంగారుగా.

"ఎవరూ లేరు నాన్నా, పరిగెత్తాను!"

ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని అటే చూశాడు. బడి మైదానంలో కూతురు ఏం చేస్తుందో ఆయన చూడడం అదే మొదలు; ఎప్పుడూ కళ్లు గింజల మీదే. "మళ్లీ ఒకసారి పరిగెత్తమనండి మాస్టారూ," అన్నాడు. "ఇందాక సరిగ్గా చూడలేదు." మళ్లీ పరిగెత్తింది. ఆయన ఈసారి కదలకుండా నిలబడి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తల తిప్పుతూ చూశాడు. గింజల వైపు తిరిగినా వెంటనే పని మొదలుపెట్టలేకపోయాడు.

పోటీల్లో పిచ్చుకకు నాలుగో స్థానం వచ్చింది. బహుమతులిచ్చే బల్ల మీద మూడు మెట్లే ఉంటాయి. ఊళ్లో కొందరు, "ఇంత చేసి నాలుగోదా?" అన్నారు. పిచ్చుక మాత్రం బస్సు దిగగానే, తన ముందున్న ముగ్గురిలో ఒకమ్మాయి వీపు ఎంత దగ్గరగా కనబడిందో చేతులు చాచి కొలిచి చూపించి, ఆ కొలతను ఇంటికి చేరేలోగా మూడుసార్లు తగ్గించింది.

ఆ మర్నాడు హెడ్మాస్టారు పిలిపించారు.

"పదో తరగతి పీరియడ్లు పరీక్షల దాకా నా దగ్గరే ఉండనీ."

"పోటీల దాకా అనుకున్నాం సార్."

"అనుకున్నాంలే. ఒక్క పిల్లకి నాలుగో స్థానం వచ్చింది, సంతోషం. ఇక్కడ తరగతి మొత్తం గట్టెక్కాలి. ఆలోచించు."

"తరగతి మొత్తం గురించే సార్ నేను కూడా అడుగుతున్నది."

హెడ్మాస్టారు కుర్చీలో వెనక్కి వాలారు. "మధ్యలో వాన పడి గింజలింకా ఎండలేదు. వేదిక ఖాళీ చేయమంటాను మరి."

ఈ మాట వస్తుందని మాస్టారు అనుకున్నాడు. రాత్రంతా దానికి జవాబు కూర్చుకున్నాడు. తీరా సమయానికి అదేదీ గుర్తురాలేదు. "మీరే వెళ్లి చెప్పండి సార్," అన్నాడు.

హెడ్మాస్టారు కిటికీలోంచి చూశారు. వేదిక మీద పిచ్చుక నాన్న గింజలు ఎగదోస్తున్నాడు. మెట్ల మీద గానుగ అత్త కాళ్లు చాపుకుని కూర్చుని, ఎవరినో గట్టిగా చీవాట్లు పెడుతోంది. ఆయన బల్ల మీది పుస్తకం తెరిచి, తెరిచిన పేజీనే చదవసాగారు. పొమ్మనలేదు. సరేనని కూడా అనలేదు.

మాస్టారు బయటికొచ్చి నేరుగా పదో తరగతి గుమ్మం ముందు నిలబడ్డాడు. "రండి," అన్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. పుస్తకాలు మూసిన చప్పుడు ఒక్కసారిగా గదంతా వినబడింది.

మైదానం ఇంకా గింజల కిందే ఉంది. తరగతి మొత్తానికి దొరికిన నేల ఆ ఒక్క బాటే. వాలీబాల్ ఆడలేరు, జట్లుగా చీలలేరు. పరిగెత్తాలన్నా ఒకరి పక్కన ఒకరికి చోటు లేదు. మాస్టారు విజిల్ ఊదాడు. ఒకరి వెనక ఒకరు పరుగందుకున్నారు. ముందువాడు ఆగితే వెనకవాళ్లంతా ఒకరి మీద ఒకరు పడ్డారు. లేచి, నవ్వుకుంటూ, తిట్టుకుంటూ మళ్లీ సాగారు. గోడ దాకా పోయినవాళ్లు తిరిగి రావడానికి దారి లేక అక్కడే గుంపుగా పోగయ్యారు, ఇటు నుంచి వచ్చేవాళ్లు తోస్తూనే ఉన్నారు.

"ఒరేయ్, గింజలు తొక్కకండ్రా!" అని పిచ్చుక నాన్న వేదిక మీద నుంచి కేక పెట్టాడు.

"జాగా ఎక్కడుంది బాబాయ్?" అని లోపలి నుంచి ఎవడో అరిచాడు.

మాస్టారు గేటు దగ్గర నిలబడి ఆ ఒక్క బాటనూ, దాని అంచుల్లో కిక్కిరిసిన పిల్లలనూ చూశాడు. తర్వాత సైకిల్‌కు తగిలించి ఉన్న సున్నం డబ్బా విప్పి, ఇంకా గీత పడని పడమటి గోడ వైపు నడిచాడు.